యాత్రారచనలో నిరీక్షణ

మన యాత్రారచనలను గురించి ఇంతవరకు జరిగిన చర్చ చాలావరకు రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. రచయిత ఎంత దూరం తిరిగాడు? చూసినదాన్ని ఎంత అందంగా చెప్పాడు? ఈ రెండింటికీ సమాధానం దొరికితే విమర్శకుని పని ముగిసినట్టే భావించడం పరిపాటి. ప్రయాణంలో కదలిక లేని కాలాన్ని గురించి మనం అంతగా ఆలోచించలేదు. సత్రాల్లో బస చేసిన రాత్రుల సంగతి కాదు నేను చెప్పేది. సుంకపు చౌకీ దగ్గర, రాష్ట్రం పొలిమేర దగ్గర, తనిఖీ కేంద్రం దగ్గర, అధికారం గలవాడు చెయ్యి ఊపేదాకా బండి కదలని కాలం సంగతి. ప్రయాణం చేసిన ప్రతివాడూ ఆ కాలాన్ని అనుభవించాడు. రాసినవాళ్ళలో చాలామంది దాన్ని ఒక్క వాక్యంతో దాటవేశారు, లేదా ఒక హాస్యపు తునకగా మార్చారు.

ఆ కాలాన్ని రచయిత ఎలా రాశాడన్నది యాత్రారచనకు మంచి తూనికరాయి అని నా అభిప్రాయం. జలపాతం ముందు రచయితలందరూ సౌందర్యారాధకులే. మంచుకొండల ముందు నిలబడి తన వర్గాన్ని మరచిపోవడం, చదివేవాళ్ళను మరపించడం సులభం. బండ్ల వరుసలో నిలబడ్డప్పుడు అది కుదరదు. తన ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో, ఎవరిని ముందు వదిలారో, ఎవరి మూట విప్పించారో అక్కడ రచయిత కళ్ళారా చూస్తాడు. చూసినదాంట్లో ఏది రాశాడు, ఏది వదిలాడు అన్నదాన్నిబట్టి అతడు ఎవరి పక్షాన నిలిచాడో తేలిపోతుంది. ఈ మాటను కొన్ని ఉదాహరణలతో పరిశీలించడానికి ప్రయత్నిస్తాను. మొదటి ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. నేనుండే ఆలూరు ప్రాంతమే చాలు.

ఆలూరు కర్నూలు జిల్లాకు పడమటి అంచున వుంది. హాలహర్వి దాటి కొంత దూరం పోతే కర్ణాటక. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన దత్తమండలాల్లో ఈ నేల అటూ ఇటూ ఒకటే. ఆ తర్వాత చాలాకాలం ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలో భాగాలు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లా చీలింది. ఆలూరు, ఆదోని కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. మిగిలినవి మైసూరుకు పోయాయి. బళ్ళారి తాలూకా ఎవరిదన్న తగవు తీర్చడానికి న్యాయమూర్తి ఎల్. ఎస్. మిశ్రాను ప్రత్యేకంగా నియమించవలసి వచ్చింది. ఆయన నివేదిక తర్వాత అదీ మైసూరుకే దక్కింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకొని బళ్ళారిని ఆంధ్రకు ఇవ్వాలని సిఫార్సు చేసింది గాని అది అమలు కాలేదు.

అంటే 1953 సెప్టెంబరు 30 దాకా ఆలూరు రైతుకు జిల్లా కచేరీ వున్న పట్టణం, మరునాడు తెల్లవారేసరికి పరాయి రాష్ట్రమయింది. తెలుగు నాటకానికి ఆ పట్టణం పుట్టిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపినది అక్కడే. బళ్ళారి రాఘవ తన పేరులోనే ఆ వూరిని మోశాడు. ఇక సామాన్య జనానికి వస్తే, ఆలూరు ప్రాంతం వాళ్ళు ఆసుపత్రికి, బేరానికి, చుట్టరికాలకు ఇప్పటికీ బళ్ళారికి పోతూనే వున్నారు. దసరాకు దేవరగట్టు మాళమల్లేశ్వరుని బన్ని ఉత్సవానికి అటునుంచి జనం ఇటు వస్తూనే వున్నారు. ఒకే నోట తెలుగూ కన్నడమూ పలికే ఇళ్ళు ఇక్కడ తక్కువేమీ కాదు.

భాషారాష్ట్రాల కోరిక న్యాయమైనది. పరిపాలన ప్రజల భాషలో జరగాలన్నది ప్రజాస్వామ్యపు కనీస కోరిక. దానికోసం అభ్యుదయ రచయితలు రాయడం, పాడటం మన చరిత్రలో గర్వించదగిన భాగం. అయితే ఒక సంగతి గుర్తించాలి. ఆంధ్రరాష్ట్రాన్ని గురించి, విశాలాంధ్రను గురించి మన సాహిత్యంలో వున్న ఉత్సాహంలో వెయ్యోవంతు కూడా, ఆ గీత పొడుగునా వున్న పల్లెల్లో దానివల్ల ఏం జరిగిందన్న ఆసక్తి కనిపించదు. రాష్ట్రాల కలయిక మనకు కావ్యవస్తువయింది. తాలూకాల కోత రెవెన్యూ దస్తావేజుల్లో మిగిలిపోయింది. సరిహద్దులో బతికేవాడు సాహిత్యంలోకి రాకపోవడానికి ఇది ఒక కారణం.

ఇప్పుడు నేను చూసిన నిరీక్షణను చెబుతాను. దాన్ని చెప్పడం అనుభవం పంచుకోవడానికి కాదు. ఒకే నిరీక్షణను ముగ్గురు మూడు రకాలుగా చెప్పగా విన్నాను. ఆ మూడింటినీ పోల్చడానికి.

2023 ఏప్రిల్‌లో ఒక శనివారం నలుగురు మిత్రులం ఆలూరు నుంచి బళ్ళారికి బయలుదేరాం. చరిత్ర చెప్పే అధ్యాపకుడొకరు, వాణిజ్యశాస్త్రం చెప్పే అధ్యాపకుడొకరు, కవిత్వం రాసే హైస్కూలు ఉపాధ్యాయుడొకరు, నేను. రాఘవ తిరిగిన చోట్లు, పాత నాటక సమాజాల గుర్తులు చూడాలని మా ఉద్దేశం. కర్ణాటక శాసనసభకు మే 10న పోలింగు. ఎన్నికల నియమావళి అమల్లో వుంది. యాభై వేల రూపాయలు మించి నగదు వుంటే దానికి కాగితం చూపాలి. అందుచేత అటు పోయే ప్రతి బండినీ డబ్బు కోసం వెదుకుతున్నారు. ఇటు వచ్చే బండిని వేరొక వస్తువు కోసం వెదుకుతున్నారు. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ప్రభుత్వ దుకాణాల్లోనే అమ్మారు. ధరలు బాగా పెంచారు. దానితో కర్ణాటక మద్యం పాకెట్లు సరిహద్దు దాటి వచ్చేవి. పోయేటప్పుడు నోట్లు, వచ్చేటప్పుడు సారా. ఒకే దారి మీద ఒకే మనిషి పొద్దున ఒక నేరానికి, సాయంత్రం ఇంకొక నేరానికి అనుమానితుడు.

మా కారు వరుసలో గంటకు పైగా నిలిచింది. మా వంతు వచ్చాక తనిఖీకి పట్టింది రెండు నిమిషాలు. ఎవరు, ఏం చేస్తారు అని అడిగారు. మెడలో వేసుకొనే కళాశాల గుర్తింపు కార్డు చూపగానే డిక్కీ ఒకసారి తెరిచి మూయించి పంపించారు. మాకంటే ముందు వచ్చిన చిన్న ట్రాలీబండి ఒకటి పక్కకు తీయించి వుంది. అందులో పదిహేను పదహారు మంది ఆడవాళ్ళు. హాలహర్వి వైపు పల్లెల నుంచి కర్ణాటక పొలాల్లో మిరపకాయల కోతకు పోతున్నవాళ్ళు. వాళ్ళను దింపి ఒక్కొక్క మూటా విప్పిస్తున్నారు. మేము చెట్టుకింద నిలబడ్డప్పుడు నలభై ఏళ్ళ స్త్రీ ఒకామె మాతో అన్న మాటలు ఇవి:

"మా మూటల్లో ఏముంటాది సార్, రొట్టె, కారెం. దాన్నే యిప్పి యిప్పి సూస్తాండారు. బారెడు పొద్దెక్కె. ఇంగ పోయినా మేస్త్రీ సగం కూలే రాస్తాడు."

అవతల లారీల వరుస. తెల్లవారుజామునే వచ్చి నిలిచినవి కూడా అందులో వున్నాయి. ఒక డ్రైవరు చెప్పిన లెక్క ఇంకా చిన్నది: "మాకు కిరాయి ట్రిప్పుకే సార్. నిలబడిన గంటలకు లేదు." మేము బయలుదేరేటప్పటికి ఆ ట్రాలీబండి అక్కడే వుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఇరవై నిమిషాల్లో సరిహద్దు దాటాం. బస్సులో వచ్చిన ముసలివాళ్ళ సంచులు మాత్రం రోడ్డు మీద వరుసగా పెట్టించి తడుముతున్నారు.

ఆ నెలలోనే మా మిత్రులలో ఇద్దరు ఈ ప్రయాణాన్ని రచనగా మలిచారు. చరిత్ర మిత్రుడు ఒక యాత్రావ్యాసం రాసి స్థానిక సాహిత్య సమావేశంలో చదివాడు. చదువుతున్నంతసేపూ సభ నవ్వుతూనే వుంది. కారులో ఏసీ పనిచేయకపోవడం, నీళ్ళసీసా కోసం నలుగురి తగవు, వాణిజ్యశాస్త్ర మిత్రుడు గంటకు ఎన్ని అంగుళాలు కదిలామో లెక్క కట్టడం — అన్నీ చక్కగా వచ్చాయి. శైలి హాయిగా వుంది. మిరపకోత కూలీలు కూడా వ్యాసంలో వున్నారు. ఎర్రటి, పచ్చటి చీరలతో ఎండలో పూలతోటలా కనబడ్డారని ఒక వాక్యం.

ఆ వాక్యం దగ్గర ఆగాలి. అది అబద్ధం కాదు. చీరలు నిజంగానే ఎర్రగా, పచ్చగా వున్నాయి. అయితే ఆ స్త్రీలు రోడ్డు పక్కన అలా గుమిగూడటానికి కారణం తనిఖీ. కారణాన్ని తీసివేసి రంగును మిగిల్చినప్పుడు నిర్బంధం దృశ్యంగా మారింది. ఇదే యాత్రారచనలో భావవాదం పనిచేసే తీరు. రచయిత దేన్నీ కల్పించనక్కరలేదు. కార్యకారణ సంబంధాన్ని ఒక్కచోట తెంపితే చాలు. ఆ వ్యాసంలో మేము నలుగురం కష్టపడ్డాం. మాతోపాటు నిలబడ్డవాళ్ళు మా కష్టానికి తెరమీది బొమ్మలయ్యారు. నిజానికి ఆ రోజు మేము పోగొట్టుకొన్నది ఏమిటి? ఒక గంట. ఆ గంటకు మా జీతంలో పైసా తెగలేదు. పైగా ఆ గంట మాకు ఒక వ్యాసమై తిరిగి వచ్చింది.

కవి మిత్రుని రచన దీనికి పూర్తిగా భిన్నం. ఆయన ఆవేశపరుడు. గాలికి, పక్షికి, మేఘానికి లేని సరిహద్దు మనిషికెందుకన్న భావంతో ఒక వచనకవిత రాశాడు. చివర ఎల్లలన్నీ చెరిగిపోయిన విశాల మానవ ప్రపంచం వస్తుంది. మన సభల్లో చప్పట్లు కొట్టించే కవిత. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కాని ఈ కవితలోనూ ఆ స్త్రీ లేదు. పైన వ్యాసంలో ఆమె బొమ్మ అయితే, ఇక్కడ మానవజాతిలో కలిసిపోయింది. సరిహద్దు మానవుణ్ణి ఆపుతుందని కవి అంటాడు. నేను చూసిన సరిహద్దు మానవుణ్ణి ఆపలేదు. గుర్తింపు కార్డు వున్న మానవుణ్ణి రెండు నిమిషాల్లో పంపింది. రొట్టెమూట వున్న మానవురాలిని పక్కకు తీయించింది. ఆ తేడాను చెరిపివేసిన తర్వాత మిగిలే మానవవాదం ఎంత పెద్ద గొంతుతో పలికినా బోలుగానే వుంటుంది. ఇది మన శిబిరంలోని లోపం కనుక దీన్ని మరింత గట్టిగా చెప్పవలసి వుంది. నినాదంలో ఎల్లలను చెరిపివేయడం సులువైనప్పుడు, నేలమీద ఆ ఎల్ల ఎలా పనిచేస్తున్నదో చూడవలసిన శ్రమ తప్పిపోతుంది.

ఇక మూడవ కథనం ఆ స్త్రీ నోటి మాటలు. అందులో పోలికలు లేవు. మూటలో ఏముందో చెప్పింది, ఎంత పొద్దెక్కిందో చెప్పింది, దాని ఫలితం కూలిలో ఎంతో చెప్పింది. సరిహద్దు దగ్గర పోయిన కాలాన్ని కూలి లెక్కలోకి మార్చి చెప్పింది. ఆ నాలుగు వాక్యాల్లో కారణం, కాలం, నష్టం మూడూ వున్నాయి. వాస్తవికత అంటే మనం పాఠాల్లో చెప్పే లక్షణాలన్నీ అందులో వున్నాయి.

నేను ఈ మాట అన్నప్పుడు చరిత్ర మిత్రుడు ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాలు తేలికైనవి కావు. "అది కాదప్పా, యాత్రావ్యాసం కూలి రిజిస్టరు కాదు. చదివేవాడికి హాయి వుండాలి" అన్నది మొదటిది. రెండవది ఇంకా బలమైనది: "ఆమె పోగొట్టుకున్న కూలిని తెచ్చి నా వ్యాసంలో పెట్టుకుంటే అది నాకు నగ అవుతుంది గాని ఆమెకేం ఒరుగుతుంది? నా గంట సంగతి నేను రాసుకున్నాను. ఆమె గంట నాది కాదు."

మొదటిదానికి సమాధానం మన సాహిత్యంలోనే వుంది. తెలుగు యాత్రారచనకు తొలి పెద్ద గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. వెంట సుమారు వందమంది. దారిలోని విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాస్తూ వచ్చాడు. ఆ మిత్రుడే 1838లో వాటిని గ్రంథంగా ప్రకటించాడు. పుస్తకం పుట్టుకే మిత్రుల మధ్య జరిగింది. అయినా అది మిత్రులను నవ్వించడానికి రాసిన పుస్తకం కాదు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ వూళ్ళో బియ్యం దొరుకుతాయి, దారి ఎలాంటిది, ఎవరి పాలనలో ఎవరు ఏ సుంకం తీస్తున్నారు అన్నది ఆయన ఓపికగా రాసుకుంటూ పోయాడు.

ఆ కాలాన్ని తలచుకుంటే ఈ లెక్కల విలువ తెలుస్తుంది. అప్పటికి మన కర్నూలు నవాబు పాలనలో వుంది. కంపెనీ దాన్ని కలుపుకొన్నది 1839లో. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. మద్రాసు నుంచి కాశీకి పోయే యాత్రికుడు కంపెనీ నేల, నవాబు నేల, నిజాం నేల, భోంస్లేల నాగపురం నేల దాటాలి. శ్రీశైలంలో యాత్రికుల మీద నవాబు పన్ను; ప్రయాగలో, గయలో కంపెనీ పన్ను. భక్తి మీద కూడా సుంకమున్న రోజులు. వీరాస్వామయ్య భక్తుడు. అయినా క్షేత్రమాహాత్మ్యం చెప్పిన కలంతోనే పన్ను సంగతీ రాశాడు. రెంటినీ ఒకే పుస్తకంలో పెట్టడానికి ఆయనకు సంకోచం కలగలేదు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకం చదవదగి వుండటానికి ఆ లెక్కలే పెద్ద కారణం. వర్ణన పాతబడుతుంది. సరిగ్గా రాసిన లెక్క చరిత్ర అవుతుంది. హాయికి, లెక్కకు పగ వున్నదనడం మన యాత్రాసాహిత్యపు మొదటి పుస్తకమే ఒప్పుకోని మాట.

వీరాస్వామయ్య పరిమితిని కూడా దాచనక్కరలేదు. ఆయన పల్లకిలో పోయాడు. పల్లకి మోసిన బోయీలు పుస్తకంలో వున్నారు గాని, చౌకీ దగ్గర పల్లకి నిలిచినప్పుడు వాళ్ళ భుజాలకు ఎలా వుండేదో వాళ్ళ మాటల్లో మనకు వినబడదు. ఉన్నతోద్యోగి అయిన ఆయనకు పలుకుబడి వుంది, పరివారం వుంది. ఆయన ఆగిన కాలానికీ, కాలినడకన కాశీకి పోయిన పేద యాత్రికుడు ఆగిన కాలానికీ తేడా ఎంతో ఆ పుస్తకాన్నిబట్టి ఊహించవలసిందే. లెక్క రాసే అలవాటు ఆయన నుంచి తీసుకోవాలి. ఆ లెక్క ఎవరి ఖాతాలో రాయాలన్నది మన కాలం నేర్పిన పాఠం.

మిత్రుని రెండవ అభ్యంతరానికి వస్తాను. ఇతరుల నష్టం రచయితకు నగ కారాదన్నది సరైన హెచ్చరిక. మన పేదరికపు కథల్లో చాలా వాటికి ఈ జబ్బు వుంది. కాని దానికి మందు మౌనం కాదు. ఆమె గంట నాది కాదన్న మాట పైకి వినయంలా వున్నా, లోపల ఒక పొరపాటుంది. సరిహద్దు దగ్గర నిలిచిన కాలం ఎవరి సొంత ఆస్తీ కాదు. అది ఒకే వరుసలో పంపకమయ్యే కాలం. ప్రతి బండికీ పదేసి నిమిషాలు తనిఖీ జరిగితే మేము రెండు నిమిషాల్లో పోగలిగేవాళ్ళమా? మా రెండు నిమిషాలు సాధ్యం కావడానికీ, వాళ్ళ మూటలు పక్కన విప్పించడానికీ వెనక వున్నది ఒకటే విధానం: ఎవరిని చూడగానే నమ్మాలి, ఎవరిని చూడగానే అనుమానించాలి అన్న విధానం. కనుక నా రెండు నిమిషాలను నిజాయితీగా రాయాలంటే ఆమె గంటను రాయకుండా కుదరదు. ఆమెను గురించి జాలిపడనక్కరలేదు, కన్నీళ్ళు కార్చనక్కరలేదు. మేమెంతసేపు, వాళ్ళెంతసేపు, ఎవరికి ఎంత తెగింది — ఈ మూడు వాక్యాలు వ్యాసంలో వుంటే చాలు. అప్పుడు నీళ్ళసీసా తగవు కూడా వుండవచ్చు, సభ నవ్వవచ్చు. ఆ నవ్వు తర్వాత వచ్చే వాక్యాన్ని మరచిపోలేదు.

ఇక్కడ ఇంకొక జాగ్రత్త అవసరం. ఎండలో నిలబడి సంచులు తడిమే చిన్న ఉద్యోగిని తిట్టి రచయిత చేతులు దులుపుకొంటే అది కూడా అసంపూర్ణ వాస్తవికతే. ఆ ఉద్యోగి అనుమానాన్ని తయారుచేయడు. పైనుంచి వచ్చిన అనుమానాన్ని అమలు చేస్తాడు. ఎన్నికల డబ్బు మిరపకోత కూలీల మూటల్లో పోతున్నదని ఎవరూ నమ్మరు. మూట విప్పించడం తేలిక కనుక మూట విప్పుతారు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు రాష్ట్రాల వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. సరుకుకు దేశమంతా ఒకే మార్కెట్ కావాలని పెట్టుబడి కోరింది. ఆ మేరకు గేట్లు లేచాయి. మనిషి మూట దగ్గర మాత్రం గేటు అవసరాన్నిబట్టి మళ్ళీ మళ్ళీ దిగుతూనే వుంది. ఈ తేడా వెనక వున్న ఆర్థిక కారణాన్ని చూపగలిగితే యాత్రావ్యాసం కూడా శాస్త్రీయ రచన అవుతుంది.

ఇతర భాషల్లో ఈ పని చేసి చూపిన రచయితలున్నారు. దేశవిభజన మీద మంటో రాసిన టోబా టేక్ సింగ్ కథ మనలో చాలామందికి తెలుసు. గీత ఎంత అర్థరహితమో అది చెబుతుంది. నిరీక్షణ విషయంలో జర్మన్ రచయిత్రి ఆనా సెగర్స్ 1944లో వెలువరించిన 'ట్రాన్సిట్' నవల ఇంకా దగ్గరిది. ఆమె కమ్యూనిస్టు. నాజీల నుంచి తప్పించుకొని ఫ్రాన్సులోని మార్సేలు రేవు గుండా మెక్సికో చేరింది. నవలలో ఆ రేవులో చిక్కుకున్న శరణార్థులు కాగితాల కోసం వరుసల్లో నిలబడతారు. పోయే దేశం అనుమతి వుంటేగాని దారిలోని దేశం అనుమతి ఇవ్వదు. అది చేతికి వచ్చేసరికి మొదటిదాని గడువు తీరిపోతుంది. మళ్ళీ మొదటి వరుస. ఈ నిరీక్షణను ఆమె కథకు అడ్డంకిగా చూడలేదు. దాన్నే కథావస్తువు చేసింది. కాగితం, గడువు, వరుస — వీటి పనితీరును ఇంజను విప్పి చూపినట్టు చూపింది. ఎవరికి ఏ కాగితం ఎందుకు దొరికింది, ఎవరికి ఎందుకు దొరకలేదు అన్నది తెలిసిన కొద్దీ ఫాసిజం స్వరూపం పాఠకునికి అర్థమవుతుంది. హాలహర్వి దారిని మార్సేలు రేవుతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. వరుసను చూసే పద్ధతి మాత్రం ఆమె దగ్గర నేర్చుకోవచ్చు.

అరగంట, గంట నష్టానికి ఇంత విమర్శ అవసరమా అని కొందరికి తోచవచ్చు. కర్నూలు జిల్లావాళ్ళకు ఆ ప్రశ్న తోచకూడదు. మన జిల్లా ఉత్తరపు అంచున తుంగభద్ర. దానికి అవతలి అలంపురం 1956 దాకా నిజాం రాజ్యపు, ఆ తర్వాత హైదరాబాదు రాష్ట్రపు రాయచూరు జిల్లాలో వుండేది. 1956 నవంబరు 1న ఆ సరిహద్దు చెరిగింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడి మళ్ళీ గీసుకుంది. దాని న్యాయాన్యాయాల చర్చ ఇక్కడ నాకు ప్రస్తుతం కాదు. ఆ గీత దగ్గర ఒక వారం ఏం జరిగిందో గుర్తుచేస్తాను. 2021 మేలో, కరోనా రెండవ విడత వుధృతంగా వున్నప్పుడు, హైదరాబాదు ఆసుపత్రులకు పోయే ఆంధ్ర ఆంబులెన్సులను తెలంగాణ సరిహద్దుల్లో ఆపారు. కర్నూలు దాటగానే వచ్చే పుల్లూరు దగ్గర ఆక్సిజన్ పెట్టుకున్న రోగులతో బండ్లు వరుసలో నిలిచాయి. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు ముందస్తు అనుమతి కాగితం కావాలన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. ఆంబులెన్సులోనే ప్రాణం పోయిన రోగుల వార్తలు అప్పటికే పత్రికల్లో వచ్చాయి. అంతకు ఏడాది ముందు, 2020 మార్చి చివర, హైదరాబాదు నుంచి ఇళ్ళకు బయలుదేరిన విద్యార్థులు, చిరుద్యోగులు జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో ఆంధ్ర సరిహద్దు ముందు ఇలాగే నిలిచిపోయారు. ఆపే చెయ్యి ఒకసారి ఇటువైపుది, ఒకసారి అటువైపుది. వరుసలో నిలిచేవాళ్ళు మాత్రం ఇరువైపులా ఒకే రకం జనం.

పుల్లూరు దగ్గర నిలిచిన ఆంబులెన్సుకూ, పొలిమేరలో నిలిచిన ట్రాలీబండికీ పరిమాణంలో తేడా వుంది గాని సూత్రం ఒకటే. సరిహద్దు అందరినుంచీ కాలాన్ని వసూలు చేస్తుంది. ఇచ్చుకోగలిగినవాడికి అది విసుగు. కూలిమనిషికి అది సగం కూలి. రోగికి అది ప్రాణం. యాత్రారచయిత మొదటిదాన్ని మాత్రమే రాసి నిరీక్షణను రాశానని అనుకుంటే, పన్నులో తన వాటాను మాత్రమే చూసి పన్ను తేలికన్నవాడవుతాడు.

కనుక యాత్రారచన చేతికి వచ్చినప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు పెద్దవేమీ కాదు. బండి ఎక్కడ ఆగింది? ఎందుకు ఆగింది? ముందు ఎవరు పోయారు? వెనక ఎవరు మిగిలారు? ఆ కాలానికి ఎవరు ఎంత చెల్లించారు? ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చే పుస్తకం శైలిలో కొంచెం మొరటైనా నిలుస్తుంది. ఇవ్వనిది ఎన్ని మంచుకొండలు వర్ణించినా పర్యాటక శాఖ కరపత్రానికి కొంచెం పైన ఆగిపోతుంది.

పత్రిక చదివే అధ్యాపకులకు, విద్యార్థులకు చివరగా ఒక సూచన. ఆలూరు, ఆదోని, మంత్రాలయం, రాయదుర్గం, మడకశిర — ఈ పొలిమేర పొడుగునా మన కళాశాలలున్నాయి. మన విద్యార్థుల తల్లిదండ్రుల్లో చాలామంది సుగ్గికి ఊళ్ళు దాటి, రాష్ట్రాలు దాటి పోయి వచ్చేవాళ్ళే. యాత్రారచన పాఠం చెప్పేటప్పుడు తాజ్‌మహలు మీద వ్యాసం రాయమనే బదులు, ఇంట్లోవాళ్ళు పనికి పోతూ ఎక్కడ ఎంతసేపు ఆగవలసి వచ్చిందో, ఆగినందుకు ఏం పోయిందో అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకు రమ్మందాం. ఒక్క సంవత్సరం ఈ పని చేస్తే తరగతికొక నోటుపుస్తకం నిండుతుంది. అందులో పోలికలు తక్కువగా వుండవచ్చు. మన యాత్రాసాహిత్యంలో ఇంతకాలం ఖాళీగా వున్న పేజీలు మాత్రం అక్కడినుంచే నిండటం మొదలవుతుంది.